డౌన్‌లోడ్ అయిన ఫైల్ ఫోల్డర్ తెరిస్తే ఫైల్ మేనేజర్ నెమో బదులు డిస్క్ యూసేజ్ అనలైజర్ వస్తోంది

గుంటూరు అరండల్‌పేటలో మా డీటీపీ షాపు సిస్టమ్‌లో లినక్స్ మింట్ 21.3, సినమన్ డెస్క్‌టాప్ ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో కస్టమర్ పంపిన శుభలేఖ ఫోటోలు దించుకుని, డౌన్‌లోడ్ పక్కనున్న ఫోల్డర్ గుర్తు నొక్కితే నెమో రావాలి కదా. డిస్క్ యూసేజ్ అనలైజర్ వస్తోంది. అందులో ఫైళ్లు పట్టి లాగడానికి ఉండదు, ఏ ఫోల్డర్ ఎంత జాగా తిన్నదో రంగురంగుల వలయం గీసి చూపిస్తుంది. పెళ్లిళ్ల సీజన్, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటే నిజంగా టెన్షన్‌గా ఉంటోంది.

డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌ను డబుల్ క్లిక్ చేస్తే నెమోనే తెరుచుకుంటోంది. టెర్మినల్‌లో ఎక్స్‌డీజీ-ఓపెన్ (డిఫాల్ట్ ప్రోగ్రామ్‌లో తెరిచే కమాండ్) ఇచ్చినా అంతే, నెమోనే. ఏది ఏ ప్రోగ్రామ్‌లో తెరవాలో చెప్పే ఎక్స్‌డీజీ-మైమ్ కమాండ్‌తో ఫోల్డర్లకు నెమోను డిఫాల్ట్ చేశాను. హోమ్‌లో దాచి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ తెరిచి ఆ డిఫాల్ట్‌లు రాసి ఉండే మైమ్‌యాప్స్ లిస్ట్ ఫైల్ కూడా చూశాను. ‘ఐనోడ్/డైరెక్టరీ’ (అంటే ఫోల్డర్) ఎదురుగా నెమో పేరే ఉంది. లాగౌట్ అయ్యాను, రీస్టార్ట్ చేశాను, మార్పు లేదు. అనలైజర్‌ను తీసేయడం నాకిష్టం లేదు, పాత ఆల్బమ్‌లు తుడిచేటప్పుడు అదే దిక్కు.

అనలైజర్‌ను ఉంచుకుంటూనే, ఫైర్‌ఫాక్స్ నుంచి తెరిచే ఫోల్డర్లు నెమోలోనే రావాలంటే ఏ సెట్టింగ్ లేదా ఏ ఫైల్ మార్చాలి?