సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడాలంటే ఎలా సిద్ధపడాలి?

గోల్కొండ గోల్ఫర్ అడిగిన ప్రశ్న:

నమస్కారం. మా అమ్మాయి స్కాట్లాండులోని డండీలో చదువుకుంటోంది. వచ్చే జూన్‌లో నేనూ మా శ్రీమతీ అక్కడికి వెళ్తున్నాము. టే నది వంతెన దాటితే సెయింట్ ఆండ్రూస్ ఎంతో దూరం లేదని తెలిసినప్పటి నుంచి, అక్కడి ప్రసిద్ధ గోల్ఫ్ మైదానమైన ఓల్డ్ కోర్సులో ఒక్కసారైనా ఆడాలన్న కోరిక బలపడింది. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఏళ్ళ తరబడి ఆడుతున్నాను గానీ, సముద్రతీరపు ఇసుకనేల మీద ఎన్నడూ ఆడలేదు.

నా సందేహాలు రెండు. సభ్యత్వం గానీ, తెలిసినవారు గానీ లేని నావంటివారికి అక్కడ ఆడే అవకాశం నిజంగా దొరుకుతుందా? దొరికితే, బంతిని ఎత్తుగా లేపి, నీరు పట్టిన మెత్తటి గ్రీన్ (జెండా, గుంత ఉండే పచ్చిక) మీద దించి ఆపడానికి అలవాటుపడిన నా ఆటలో ముందుగా ఏమి మార్చుకోవాలి? మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర ఫొటో దిగి రావడం నాకు ముఖ్యం కాదు. ఆ నేల ఎలా ఆడమంటుందో అలా ఆడి రావాలని ఉంది.

ఫైఫ్ తెలుగువాడు:

నమస్కారమండి. అవకాశం దొరుకుతుంది, కానీ అందుకు కొంత అదృష్టం, మరికొంత ఓపిక కావాలి. మొదటి టీ వెనక కనిపించే రాతి భవనం 1854లో కట్టినది, రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బుది. దాన్ని చూసి మైదానం కూడా ఆ క్లబ్బు సొత్తేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అది పట్టణ ప్రజల ఉమ్మడి నేల. అక్కడ గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివారికి ఉందని 1552లోనే ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రం గుర్తించింది. ఆ హక్కు తేలికగా నిలవలేదు. అప్పుల్లో కూరుకుపోయిన పట్టణసభ 1797లో ఆ నేలను వదులుకోగా, అది కుందేళ్ళ పెంపకందారుల చేతికి పోయి, ఆడేవారికీ వారికీ మధ్య ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి దాన్ని కొని ఆటను కాపాడాడు. ఇప్పుడు 1974 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన లింక్స్ ట్రస్టు దాన్ని నడుపుతోంది. అందువల్ల మీరు అక్కడ ఎవరి దయమీదా ఆడటం లేదని గుర్తుంచుకోండి.

ఇక పద్ధతి. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటలలోపు, ట్రస్టు వెబ్‌సైటులో బ్యాలట్‌కు, అంటే లాటరీకి, పేర్లు ఇవ్వాలి. దానికి కనీసం ఇద్దరు ఆటగాళ్ళు ఉండాలి. మీరు ఒక్కరే ఆడేటట్లయితే ఒంటరి ఆటగాళ్ళకు విడిగా తీసే డ్రా ఉంది. దానికి ముందురోజు స్వయంగా అక్కడికి వెళ్ళి నమోదు చేసుకోవాలి. పూర్వం ఇందుకోసం రాత్రంతా వరుసలో నిలబడేవారు, 2024 నుంచి ఆ అవస్థ తప్పింది. మీరు డండీలోనే ఉంటారు కనుక ఒకరోజు రాకపోతే మరొకరోజు ప్రయత్నించవచ్చు. హోటల్ గదికి రోజుల లెక్కన డబ్బు కడుతూ ఎదురుచూసేవారికి ఈ వెసులుబాటు ఉండదు. మీ క్లబ్బు ఇచ్చే హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని తెలిపే అంకె) పత్రం మరచిపోవద్దు. ఆదివారం ఆ కోర్సులో ఆట ఉండదు. జూన్‌లో రాత్రి పది గంటల ప్రాంతం దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం పూట సమయం ఇచ్చినా కాదనకండి.

ఇసుకనేల ఆటగాడు:

మీ రెండవ ప్రశ్న గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఓల్డ్ కోర్సులో బంతిని నేలమీద నడిపించగలిగినవారికే ఆట చిక్కుతుంది. ఆ ఇసుకనేలలో నీరు నిలవదు, ఉన్న కాస్త తడిని సముద్రపు గాలి లాగేస్తుంది, సన్నని ఫెస్క్యూ గడ్డి పొట్టిగా పెరుగుతుంది. వానలు తక్కువైన వేసవిలో ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య పచ్చిక దారి) కళ్ళం నేలలా గట్టిపడుతుంది. మీరు ఎత్తుగా కొట్టిన బంతి గ్రీన్ మీద పడి ఆగదు, ఎగిరి గ్రీన్ దాటి దొర్లిపోతుంది. గ్రీన్‌కు ఎంతో ముందే బంతిని దించి, అక్కడి వాలులను ఉపయోగించుకుంటూ జెండా దగ్గరికి దొర్లించాలి. గ్రీన్‌కు ముప్పై గజాల బయట నుంచి కూడా పట్టర్ (బంతిని నేలమీద దొర్లించే కర్ర) తీయడానికి సంకోచించకండి, అక్కడివారందరూ చేసే పని అదే.

దీనికి సాధన హైదరాబాదులోనే సాధ్యం. ఏప్రిల్, మే నెలల ఎండకు గట్టిపడిన చోటు వెతికి, ఏడో నంబరు ఐరన్‌తో (ఇనుప తల ఉన్న కర్రతో) బంతిని తక్కువ ఎత్తులో కొట్టి దొర్లించడం రోజూ చేయండి. దూరపు పట్టింగ్ అంతకన్నా ముఖ్యం. అక్కడ ఏడు గ్రీన్‌లను రెండేసి హోల్స్ పంచుకుంటాయి. జతగా ఉన్న రెండు హోల్స్ సంఖ్యలను కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. ఒక్క 1, 9, 17, 18లకే సొంత గ్రీన్‌లు ఉన్నాయి. అంత విశాలమైన గ్రీన్ మీద బంతి చేరిందని సంతోషించేలోపు, జెండా ఇంకా ఎంతో దూరంలో ఉందని తెలుస్తుంది.

బంకర్ల (ఇసుక గుంతల) విషయంలో జాగ్రత్త. మొత్తం 112 ఉన్నాయి, వాటిలో చాలా టీ నుంచి కనిపించవు. ఒకప్పుడు ఈ కోర్సును ఇప్పటికి వ్యతిరేక దిశలో ఆడేవారు, ఆ దిశ నుంచి చూస్తే గానీ వాటి తీరు అర్థం కాదు. అనుమానం వచ్చినప్పుడల్లా ఎడమవైపుకు కొట్టండి. వెళ్ళేటప్పుడు కుడివైపు ముళ్ళపొదలు ఉంటాయి, చివరి రెండు హోల్స్‌లో కుడివైపు హద్దు గోడలూ రోడ్డూ ఉంటాయి. బంకరులో పడితే జెండాను మరచి, పక్కకో వెనక్కో బయటపడండి. 14వ హోల్‌లోని హెల్ బంకర్ దగ్గర ఇది అక్షరాలా వర్తిస్తుంది. 1978లో ఇక్కడ జరిగిన ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే ప్రధాన గోల్ఫ్ పోటీ)లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా 17వ గ్రీన్ మీద నుంచి పట్ చేసిన బంతి వాలు వెంట జారి, రోడ్ హోల్ అని పిలిచే ఆ హోల్ బంకరులో పడింది, ఆ ఒక్క హోల్‌కే అతనికి తొమ్మిది దెబ్బలు పట్టాయి. పట్టర్‌తో కూడా బంకరులో పడవచ్చునని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అందుకే క్యాడీని (కర్రలు మోస్తూ సలహా ఇచ్చే సహాయకుణ్ణి) తప్పక తీసుకోండి. ఎటు కొట్టాలో కనిపించని చోట, దూరాన ఉన్న ఏ చర్చి శిఖరాన్ని గురిచూడాలో చెప్పగలిగేది అతనొక్కడే.

వాల్తేరు:

పైవారి మాటలతో ఏకీభవిస్తూనే ఒకటి చెప్పాలి. విశాఖలో సముద్రపు గాలిలో ఆడే మేము గాలి మాకు కొత్త కాదనుకుంటాము. గాలి అలవాటు ఒక్కటే సరిపోదు, అసలు తేడా నేలలో ఉంది. క్యాడీ ఎంత చెప్పినా మొదటిరోజే ఆ నేల చేతికి రాదు. అమెరికా గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ అంతటివాడు 1921లో మొదటిసారి అక్కడ ఓపెన్ ఆడినప్పుడు, మూడవ రౌండు 11వ హోల్‌లో విసిగి బంతి చేతిలోకి తీసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. అదే కోర్సు మీద 1927లో ఓపెన్ గెలిచాడు, 1958లో ఆ పట్టణం అతనికి పౌరసత్వ గౌరవం ఇచ్చింది.

కాబట్టి ముందుగా పక్కనే ఉన్న న్యూ కోర్సులో ఒకరోజు ఆడండి. పేరు న్యూ అయినా అది 1895 నాటిది, ఆ ఊరి ప్రసిద్ధ గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ చేతుల మీదుగా తయారైనది. నేల అదే, గాలి అదే, బుకింగ్ మాత్రం అంత కష్టం కాదు. నా లెక్కన అది ఆటపరంగా ఓల్డ్ కోర్సుకు పెద్దగా తీసిపోదు. ఒకవేళ బ్యాలట్‌లో మీ పేరు రాకపోయినా, ఆ ప్రయాణం వృథా కాదు.

గోల్కొండ గోల్ఫర్:

అందరికీ కృతజ్ఞతలు. న్యూ కోర్సు గురించి ఆలోచన కూడా లేదు, ఇప్పుడే ప్రణాళికలో చేర్చాను. మరొక సందేహం. మా శ్రీమతికి ఆట రాదు. నేను నాలుగైదు గంటలు ఆడుతుంటే ఆమెకు అక్కడ చూడదగినదీ చేయదగినదీ ఏమైనా ఉందా?

ఫైఫ్ తెలుగువాడు:

ఉందండి. ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆట ఉండదు కనుక ఓల్డ్ కోర్సు మీద ఊరివారు కుక్కలతో, పిల్లలతో తిరుగుతారు. 18వ హోల్‌లోని చిన్న రాతి వంతెన స్విల్కన్ నుంచి హెల్ బంకర్ దాకా మీరు ఆడబోయే దారంతా నడిచి చూడవచ్చు. ఇది మీ ఆటకూ మేలే. రెండవది, కోర్సు పక్కనే హిమాలయాస్ అని పిలిచే పట్టింగ్ మైదానం ఉంది. 1867లో మహిళల కోసం ఏర్పడిన పట్టింగ్ క్లబ్బుది అది, బయటివారు కూడా కొద్దిపాటి రుసుముతో ఆడవచ్చు. గుట్టలు గుట్టలుగా ఉండే ఆ పచ్చిక మీద, ఎన్నడూ కర్ర పట్టనివారు కూడా అనుభవజ్ఞులతో సమానంగా ఆడగలరు. మీ శ్రీమతిగారినీ అమ్మాయినీ తప్పక తీసుకువెళ్ళండి. సందర్శకులను అనుమతించే వేళలు రోజును బట్టి మారుతుంటాయి కనుక ముందుగా చూసుకుని బయలుదేరండి.