ఏ చంద్రముఖి అబ్బా? దేవదాసుదా, రజనీదా?

గ్రూపులో పెద్దలకి ఒక డౌటు. ఒకదానికొకటి సంబంధం లేని సినిమాల్లో ఒకే పేరున్న పాత్రలొస్తే మాటల్లో మనం ఎట్టా విడగొడతాం? మా అమ్మమ్మకి చంద్రముఖి అంటే పాపం మంచి మనిషి, మా చెల్లెలికేమో దెయ్యం, ఇద్దరూ కరెక్టే. అమ్మమ్మ చెప్పేది 1953 దేవదాసులో లలిత వేసిన చంద్రముఖి. చెల్లెలిది 2005లో జ్యోతిక మీదికొచ్చిన చంద్రముఖి. ఇద్దరూ నాట్యగత్తెలే గానీ అంతకుమించి చుట్టరికమే లేదు, ఒకామె శరత్ బెంగాలీ నవల్లోంచి వచ్చింది, ఇంకొకామె 1993 మలయాళం సినిమాలోంచి, అక్కడ ఆమె పేరు నాగవల్లి కూడాను.

కావలి అన్న:
మన జిల్లాలో ఇదేం కొత్త తమ్ముడూ. పెంచలకోన సామి పేరు పెట్టుకున్నోళ్ళు ఊరూరా ఉండారు, అందుకే బంకు పెంచలయ్య, మేస్త్రి పెంచలయ్య, కాలవగట్టు పెంచలయ్య అంటాం. గుర్తు ముందు, పేరు వెనక, అచ్చం ఇంటిపేరు లాగా. సినిమా పాత్రకి ఇంటిపేరు ఉండదు గాబట్టి సినిమా పేరో హీరో పేరో తగిలిస్తాం, దేవదాసు చంద్రముఖి, రజనీ చంద్రముఖి అని. తమాషా ఏందంటే జ్యోతిక చంద్రముఖి అనేవాళ్ళు నాకు పెద్దగా తగల్లా. వేషం ఆమెది, ఇంటిపేరు రజనీది, పైగా కథలో ఆ చంద్రముఖిని తగలబెట్టిన రాజు వేషం గూడా రజనీదే!

కందుకూరు నుంచి:
భవాని సంగతి చెప్పండి మరి. 1989 శివలో రఘువరన్ భవాని, 2021 మాస్టర్‌లో విజయ్ సేతుపతి భవాని. ఇద్దరూ విలన్లే, ఒకడు బెజవాడలో కాలేజీ పిల్లోళ్ళని ఆడించే రౌడీ, ఇంకొకడు లారీల యాపారం చేస్తా తన హత్యల్ని జువెనైల్ హోమ్ పిల్లకాయల మీదికి నెట్టేవాడు. ఇక్కడ హీరో పేరు పెట్టరు చూడండి, నాగార్జున భవాని అని ఎవురన్నా అంటారా? రఘువరన్ భవానీ అంటారు. కాబట్టి అన్న చెప్పిన రూలు అన్నిచోట్లా నిలబడదు.

నెల్లూరు టౌన్ అక్క:
మొగోడికి భవాని ఏంది అని మా హైదరాబాద్ ఫ్రెండు అడిగింది. మన పక్క అమ్మవారి పేరుకి అయ్య చేర్చి మొగోళ్ళకి పెట్టేది మామూలే, పోలేరమ్మకి పోలేరయ్య, జొన్నవాడ కామాక్షమ్మకి కామాక్షయ్య, అంకమ్మకి అంకయ్య. భవానికి ఆ అయ్య గూడా అక్కర్లా. బెజవాడ కొండకి దీక్ష కట్టి ఎర్రగుడ్డలేసుకునే మొగోళ్ళని గూడా భవానీ అనే పిలుస్తాం గదా, ఆ ఊరి రౌడీకి ఆ పేరు అతికినట్టుంది, తెలిసే పెట్టారో ఏమో.

మొదట అడిగిన నేనే:
అక్క చెప్పింది బాగుండాది. ఇంకోటి అడగాలనుకున్నా, గుర్తు తగిలించకుండా ఒట్టి పేరు ఎవురికి దక్కుతుంది? ‘చంద్రముఖి లాగా చూస్తావేందే’ అని మా ఇంట్లో తిడితే దెయ్యమే, దేవదాసు అనే మాటే రాదు. చందమామ లాంటి మొహం అని అర్థమొచ్చే పేరు, తిట్టు అయిపోయింది.

కావలి అన్న:
దాంట్లో పాటది గూడా వాటా ఉండాది. ‘రా రా’ అరవం సినిమాలో గూడా తెలుగులోనే పాడతాది. అరవం మాట్లాడే ఇంటి కోడలు ఉన్నట్టుండి తెలుగెత్తుకుంటే వాళ్ళకి గుండె జారద్ది. మలయాళంలో ఇదే పని అరవంతో చేశారు. డబ్బింగులో మనకి ఆ దెబ్బ తగల్లా, మన భాషే గదా, అయినా పేరు మాత్రం పట్టుకుంది. పెద్దోళ్ళుండే ఇళ్ళల్లో ఒట్టి చంద్రముఖి ఇంకా దేవదాసుదే అని నా నమ్మకం.

కందుకూరు నుంచి:
మా నాయన్ని అడిగొచ్చా అన్నా. ‘ఏ చంద్రముఖి? ఆ లకలకదా?’ అన్నాడు.