పెట్టుబడి సాయం కుటుంబానికా, ఎకరానికా, సాగుచేసేవారికా?

ఉరవకొండ మెట్టరైతు:
అన్నదాత సుఖీభవ కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే 14,000 రూపాయలు, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కలిపి రైతు కుటుంబానికి ఏడాదికి 20,000 అందుతున్నాయి. కాలువ కింద ఎకరం మాగాణి ఉన్న కోనసీమ కుటుంబానికీ, ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం జిల్లాలో అయిదెకరాల ఎర్రనేలను నమ్ముకున్న కుటుంబానికీ ఒకే మొత్తం. వేరుశెనగలో విత్తనకాయలకే పెట్టుబడిలో పెద్ద వాటా పోతుంది. ఎకరాలు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది గానీ సాయం పెరగదు. కాబట్టి మెట్ట మండలాల్లో అయిదెకరాల పరిమితితో ఎకరం లెక్కన ఇవ్వాలని నా వాదన.

గుంతకల్లు విశ్రాంత ఉద్యోగి:
ఎకరం లెక్క ఎలా ఉంటుందో తెలంగాణలో చూశాం. 2018లో మొదలైన రైతుబంధుకు విస్తీర్ణ పరిమితి లేకపోవడంతో ఎక్కువ భూమి ఉన్నవారికే ఎక్కువ సొమ్ము చేరింది, బీడు భూములకూ అందింది. మీరు చెప్పిన పరిమితి కొంత నయమే. అయినా పాస్‌బుక్కు ఉండి బెంగళూరులో స్థిరపడినవారికి ఎకరానికి ఇచ్చినా కుటుంబానికి ఇచ్చినా పంటకు ఒరిగేదేమిటి?

రాప్తాడు గుత్తరైతు:
అయ్యా, మీ ఇద్దరి లెక్కలోనూ నాలాగా గుత్తకు, అంటే కౌలుకు, చేసేవాడు లేడు. పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన రైతు భరోసా సాయం పథకంలో భూమిలేని కౌలుదారులకు చోటిచ్చారు, అదీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకే. అదే ఏడాది తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు పదకొండు నెలలు చెల్లే సాగుదారు కార్డు ఇస్తారు, దానికి భూయజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టంలో స్పష్టంగా ఉన్నా, గుత్తకిచ్చినవారు సంతకానికి జంకుతారు. భూమి చేజారుతుందన్న భయం కొందరిదైతే, అదే పొలం మీద తాము తెచ్చుకున్న పంట రుణానికి అడ్డొస్తుందని మరికొందరి శంక. రెండోది పూర్తిగా అపోహ కూడా కాదు, ఒకే పొలం మీద ఇద్దరికి పంట రుణం ఇవ్వడానికి బ్యాంకులు ఒప్పుకోవు. ఇక గుత్త అంటే మా ఊళ్లలో నోటిమాటే, కాగితం అడిగితే వచ్చే ఏడాదికి పొలమే ఉండదు. కాబట్టి పాస్‌బుక్కును పక్కనపెట్టి, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో సాగుదారుగా ఉన్న పేరుకే సాయం ఇవ్వాలి.

ఉరవకొండ మెట్టరైతు:
మీ బాధ న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఈ-పంట నమోదు విత్తిన తర్వాత జరుగుతుంది. మనకు వేరుశెనగ విత్తేది జూన్, జూలై నెలల్లో, సాయం అందవలసింది అంతకు ముందు. 2025లో మొదటి విడత 7,000 రూపాయలు ఆగస్టు 2న వేశారు. అప్పటికి విత్తనకాయలకు అప్పు చేయనివారు ఎందరు మిగిలారో నాకైతే తెలియదు. పైగా అదును దాటినా వాన రాక భూమి విత్తకుండానే వదిలేసిన ఏడాది ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరూ ఉండదు. కరువు ఏడాదే సాయం ఆగిపోతే అది పెట్టుబడి సాయం ఎలా అవుతుంది?

గుంతకల్లు విశ్రాంత ఉద్యోగి:
దీనికి గత ఏడాది ఈ-పంట జాబితాను ప్రాతిపదికగా తీసుకోవచ్చు. ఆ పేర్లకు మే నెలలోనే మొదటి విడత వేసి, మిగతాది ప్రస్తుత నమోదు చూసి సర్దవచ్చు. విత్తలేకపోయిన పరిస్థితిని పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నిబంధనలు నష్టంగా గుర్తిస్తున్నప్పుడు, సాయం పథకం గుర్తించలేకపోవడానికి కారణం కనబడదు.

రాప్తాడు గుత్తరైతు:
గత ఏడాది జాబితా అన్నారు గానీ, మా దగ్గర గుత్తలు ఏటా చేతులు మారుతుంటాయి. నిరుడు వేరేవాళ్ల పొలం చేసినవాడికి మేలో డబ్బు పడితే, ఈ ఏడాది కొత్తగా గుత్తకు తీసుకున్నవాడు విత్తనకాయలకు మళ్లీ వడ్డీవ్యాపారి దగ్గరికే పోవాలి. పేరు మార్పును ఏప్రిల్‌లో గ్రామసభలో రాయించుకోవచ్చంటే నాకు సమ్మతమే. అయితే ఆ సభలో భూయజమాని ఎదురుగా కూర్చుని ఉండగా, పొలం నేను చేస్తున్నానని నా తరఫున సాక్ష్యం చెప్పే బాధ్యత ఏ ఉద్యోగిదో ముందు తేల్చండి.