బౌండరీ వాటర్స్‌లో మూడు రాత్రులు: ఈత రాని మిత్రులతో కనూ ప్రయాణం చేయవచ్చా?

కొత్తతెడ్డు

నమస్కారం. మేము ఆరుగురు మిత్రులం, మినియాపొలిస్ పరిసరాల్లో ఉంటున్నాం. వచ్చే ఆగస్టు చివరి వారంలో ఉత్తర మినెసోటాలోని బౌండరీ వాటర్స్ అడవికి వెళ్లి, కనూల (తెడ్లతో నడిపే సన్నని, తేలిక పడవల) మీద తిరుగుతూ మూడు రాత్రులు గుడారాల్లో గడిపి రావాలని నిశ్చయించుకున్నాం. ఈలీ పట్టణానికి తూర్పున, ఫెర్న్‌బర్గ్ రోడ్డు చివర ఉన్న లేక్ వన్ ప్రవేశం నుంచి పర్మిట్ దొరికింది. మూడు కనూలు అద్దెకు తీసుకుంటాం.

మా ఇబ్బంది ఏమిటంటే, ఇద్దరికి ఈత రాదు. వారిలో ఒకడు నా చిన్ననాటి మిత్రుడు. అనంతపురం జిల్లాలో పెరిగాడు, మోకాలి లోతు దాటి నీళ్లలో దిగిన అనుభవం అతనికి లేదు. రావాలని మనసు నిండా ఉంది, కానీ భయమూ అంతే ఉంది. అతన్ని బలవంతం చేయడం నాకు ఇష్టం లేదు, అలాగని వదిలి వెళ్లడానికీ మనసు ఒప్పడం లేదు.

మాలో ఒకరు పటం ముందు పెట్టుకుని, లేక్ వన్ నుంచి టూ, త్రీ, ఫోర్, హడ్సన్ సరస్సుల మీదుగా రెండో రోజు సాయంత్రానికి ఇన్సులా సరస్సు చేరి, నాలుగో రోజు తిరిగి రావాలని దారి గీశారు. కొత్తవారికి ఇది సాధ్యమేనా? మాలో ఇద్దరు పూర్తి శాకాహారులు కూడా. అన్నం, పప్పు, ఆవకాయ మోసుకెళ్లాలని ఇంట్లో అప్పుడే చర్చ మొదలైంది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఉత్తరతీరం

కొత్తతెడ్డు గారికి,

మీ మిత్రుడు నిశ్చింతగా రావచ్చు, కాకపోతే ఒక షరతు ఉంది. పెద్దవారికి లైఫ్ జాకెట్ పడవలో చేతికందేలా ఉంటే చాలని మినెసోటా చట్టం చెబుతుంది, తొడుక్కుని తీరాలన్న నిబంధన పదేళ్ల లోపు పిల్లలకే ఉంది. ఆ వెసులుబాటును మీ ఆరుగురిలో ఎవరూ, ఈత వచ్చినవారు కూడా, వాడుకోవద్దని నా మనవి. అందరూ తొడుక్కుంటే ఈత రానివారు తాము వేరన్న భావన లేకుండా కూర్చుంటారు, అది పడవకు కూడా మేలు చేస్తుంది, ఎందుకంటే భయంతో బిగుసుకుపోయిన మనిషి అంచులు పట్టుకుని ఒక పక్కకు ఒరిగితేనే కనూ ఎక్కువగా ఊగుతుంది.

బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందు ఒక ఆదివారం ఉదయం అతన్ని మినియాపొలిస్‌లోని హ్యారియట్ సరస్సుకు తీసుకెళ్లండి. జాకెట్ పట్టీలన్నీ బిగించి, వెనుక నిలబడి రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచి వస్తే అది వదులుగా ఉన్నట్టు, ఇంకా బిగించాలి. తర్వాత నడుము లోతు నీళ్లలో నిలబెట్టి, మీరు పక్కనే ఉండి, కాళ్లు వదిలేయమనండి. మొదటి సారి మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. నాలుగో సారికి తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తాడు. మా వదినగారి విషయంలో నేను కళ్లారా చూసినది ఇదే. జాకెట్ తనను తేలుస్తుందని మనం వంద సార్లు చెప్పినా కుదరని నమ్మకం, వీపు కింద నీళ్లు ఆనినప్పుడు అర నిమిషంలో కుదురుతుంది.

ఇక దారి గురించి. ఇన్సులా ఆలోచన ఈసారికి మానుకోండి. హడ్సన్ నుంచి ఇన్సులాకు పోర్టేజ్, అంటే కనూను, సామానును మోసుకుంటూ ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు నడవాల్సిన బాట, 105 రాడ్లు. ఇక్కడ కాలిబాటలను ఇప్పటికీ రాడ్లలోనే కొలుస్తారు, ఒక రాడ్ అంటే 16న్నర అడుగులు, సుమారుగా ఒక కనూ పొడవు. 105 రాడ్లు అంటే అర కిలోమీటరు పైమాటే. వినడానికి తక్కువగా ఉంటుంది గాని, మొదటిసారి వెళ్లేవారు సామాను ఒక్క విడతలో మోయలేరు, బరువుతో వెళ్లి, ఖాళీగా తిరిగి వచ్చి, మళ్లీ బరువుతో వెళ్తారు, దాంతో నడక మూడింతలవుతుంది. కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసిన కనూ 42 పౌండ్ల దాకా తేలికగా దొరుకుతుంది, పాత అల్యూమినియం కనూ 70 పౌండ్లు దాటుతుంది. అద్దె కొంచెం ఎక్కువైనా కెవ్లార్‌దే తీసుకోండి. కనూను బోర్లించి, మధ్యలో ఉన్న కాడిని భుజాల మీద ఆనించుకుని నడుస్తున్నప్పుడు ముందున్న పది అడుగుల బాట తప్ప ఏమీ కనిపించదు, అడుగున నిలిచిన నీళ్లు మెడ మీద బొట్లు బొట్లుగా పడుతుంటాయి, బోర్లించిన ఆ కడుపులో చేరిన దోమను కొట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు. తడిసిన వేర్ల మీద, బండల మీద కాలు ఎక్కడ వేయాలో చూసుకోవడమే అప్పుడు లోకమంతా.

లేక్ వన్ నుంచి లేక్ టూకు రెండు చిన్న పోర్టేజులు ఉన్నాయి. అక్కడి నుంచి త్రీ, ఫోర్ సరస్సులకు మోత లేకుండా నీటి మీదే వెళ్లిపోవచ్చు. కనుక మొదటి రోజు లేక్ టూలోనో, లేక్ త్రీ మొదట్లోనో చోటు పట్టుకుని, మూడు రాత్రులూ అక్కడే ఉండి, పగలు ఖాళీ పడవలతో తిరిగి రండి. లేక్ వన్‌ను చిన్నదని తేలికగా తీసుకోవద్దు. దీవులు, మలుపులు, లోపలికి చొచ్చుకుపోయిన ఇరుకు పాయలు కలిసి, కొత్తవారిని గంటసేపు తిప్పగల సరస్సు అది. ఫోనుకు సిగ్నల్ ఉండదు. ముందు కూర్చున్నవారి ఒడిలో కాగితపు పటం, దిక్సూచి ఉండాలి, ప్రతి దీవినీ దాటుతూనే వేలితో గుర్తు పెట్టుకోవాలి.

గుర్తించిన విడిది స్థలాల్లోనే దిగాలి. ఇనుప పొయ్యి చట్రం, దాని వెనుక అడవిలో గోడలు గాని కప్పు గాని లేని మరుగుదొడ్డి పెట్టె ఉంటే అది విడిది అని అర్థం. చోటును ముందుగా కేటాయించరు, ఖాళీగా ఉన్నది తీసుకోవడమే, అందువల్ల మధ్యాహ్నం రెండు గంటల లోపు దిగేలా చూసుకోండి.

పొడిడబ్బా

అయ్యా, వంట గురించి నేను చెబుతాను. మేము శాకాహారులం, ఈ అడవికి మూడుసార్లు వెళ్లి వచ్చాం.

ముందుగా ఆవకాయ సంగతి. గాజు సీసాలు, డబ్బా కట్టిన పానీయాలు, టిన్ను ఆహారాలు లోపలికి అనుమతించరు. ఆవకాయను గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, ఆ డబ్బాను రెండు సంచుల్లో కట్టండి. మొదటిసారి మేము ఈ జాగ్రత్త పడనందువల్ల నూనె కారి ఒక స్లీపింగ్ బ్యాగ్‌కు అంటుకుంది. ఆ వాసనతో గుడారంలో పడుకోవడం ఎలుగుబంట్లు తిరిగే అడవిలో క్షేమం కాదని, ఆ బ్యాగ్‌ను రాత్రంతా తిండి మూటతో పాటు దూరంగా వేలాడదీసి, చలిలో ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం.

కందిపప్పు, కుక్కరు ఇంట్లోనే వదిలేయండి. కందిపప్పు ఉడికే లోపు ఇంధనం సగం అయిపోతుంది, పైగా అగ్గి పెట్టవద్దని ఆంక్షలు ఉన్న ఎండు రోజుల్లో మీకు చిన్న గ్యాస్ స్టవ్వే దిక్కు. పెసరపప్పు, బియ్యం ముందే వేయించి కలిపి, జీలకర్ర, మిరియాలు వేసి పెట్టుకుంటే పొంగలి త్వరగా అవుతుంది. రవ్వను తాలింపుతో సహా ఇంట్లోనే వేయించి, పూటకొక సంచిగా కట్టుకుంటే మరిగిన నీళ్లు పోయడమే పని. అటుకులు తడిపి, పులిహోర పొడి కలిపితే పొయ్యి కూడా అక్కర్లేదు, పోర్టేజ్ పక్కన బండ మీద కూర్చుని తినవచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి తప్పనిసరి. నాలుగు గంటలు తెడ్డు వేసిన తర్వాత ఒక్కొక్కరికి రెండేసి సున్నుండలు ఇవ్వండి, మాటలు మళ్లీ మొదలవుతాయి.

తాగే నీటిని తప్పక వడగట్టండి, లేదా తెర్లించండి. సరస్సు అద్దంలా ఉన్నా, కడుపు జబ్బు తెచ్చే జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనిపించదు. గిన్నెలు సరస్సులో కడగవద్దు, నీళ్లు తెచ్చుకుని ఒడ్డుకు కనీసం 150 అడుగుల దూరంలో కడిగి అక్కడే పారబోయండి. పసుపు, నూనె కలిసిన మన గిన్నెల విషయంలో ఇది మరీ ముఖ్యం, అదే నీరు మన తర్వాత వచ్చేవారు తాగుతారు.

తిండి నిల్వకు అటవీ శాఖ నిబంధన ఉంది. ఎలుగు తెరవలేని ధ్రువీకృత పెట్టెలో పెట్టాలి, లేదంటే నేల నుంచి 12 అడుగుల ఎత్తున, చెట్టు మాను నుంచి 6 అడుగుల ఎడంగా వేలాడదీయాలి. మీరు వెళ్లే దారిలో పెట్టె అద్దెకు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. 2011లో పగామీ క్రీక్ కార్చిచ్చు అక్కడ సుమారు 92,000 ఎకరాలు కాల్చేసింది, లేక్ త్రీ, లేక్ ఫోర్ ఒడ్లు చాలావరకు అందులో పోయాయి. ఇప్పుడు లేత జాక్ పైన్ చెట్లు ఒత్తుగా పెరిగాయి. మంట వేడికి కాయలు విచ్చుకుని విత్తనం రాల్చే జాతి అది, చూడటానికి కన్నుల పండుగగా ఉంటుంది గాని, మూట వేలాడదీయడానికి తగిన కొమ్మ దొరకడం కష్టం.

గోదారిగట్టు

ఉత్తరతీరం గారి మాటలన్నీ సబబే. ఒక్క విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. మూడు రాత్రులూ ఒకే చోట ఉంటే, అడవిలో ప్రయాణం చేశామన్న తృప్తి మిగలదు. రెండో ఉదయం గాలి లేకుంటే ఒక్కసారి విడిది మార్చి లేక్ ఫోర్ దాకా వెళ్లవచ్చు, అది కొత్తవారి శక్తికి మించినది కాదు. వారిని ఆపేది దూరం కన్నా గాలి.

నేను గోదావరి ఒడ్డున పుట్టి, పడవల మధ్య పెరిగి, ఏడేళ్లకే ఈత నేర్చినవాణ్ణి. ఆ ధైర్యంతోనే కొన్నేళ్ల క్రితం మే నెల చివరిలో, మంచు కరిగి నెల కూడా కాని రోజుల్లో, ఇక్కడి ఒక పెద్ద సరస్సును మధ్యాహ్నం వేళ నిలువునా దాటబోయాను. గాలి వెనుక నుంచి వీస్తోంది, పడవ సునాయాసంగా పోతోందని సంబరపడ్డాం. ఒడ్డున చిన్నగా కనిపించిన అలలు నడిమధ్యకు వచ్చేసరికి రెండడుగులయ్యాయి, ఒక అల పడవను అడ్డంగా తిప్పింది, మరుసటి అల బోర్లించింది. నీళ్లలో పడగానే నాకు ఊపిరి ఆగలేదు, ఆపుకోలేనంత వేగంగా ఎగశ్వాస వచ్చింది. అప్పుడు నోటి దాకా నీళ్లు ఉన్నట్లయితే నా ఈత నన్ను కాపాడేది కాదు, జాకెట్ కాపాడింది. చల్లని నీటి విషయంలో నిపుణులు చెప్పే లెక్క ఒకటుంది: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు చెప్పినట్టు వినేది పది నిమిషాలు, స్పృహ తప్పే లోపు సుమారు ఒక గంట. ఏడో నిమిషమో ఎనిమిదో నిమిషమో గాని, నా వేళ్లు జాకెట్ పట్టీని పట్టుకోలేకపోయాయి. గాలి మమ్మల్ని ఒక దీవి వైపు నెట్టడం మా అదృష్టం.

ఆగస్టు చివరికి నీరు అంత చల్లగా ఉండదు, కానీ గాలి అలాగే ఉంటుంది. కాబట్టి తెల్లవారుజామున బయలుదేరండి, పదకొండు గంటలకల్లా పెద్ద నీళ్లు దాటి ఉండండి. ఒడ్డు వెంటే వెళ్లండి, దారి రెట్టింపైనా ఫరవాలేదు. అలలు పెరిగితే సీటు మీద నుంచి దిగి మోకాళ్ల మీద కూర్చోండి. ఎదురుగాలి ఉంటే బరువును కొంచెం ముందుకు, వెనుకగాలి ఉంటే కొంచెం వెనక్కి జరపండి. ఉరుము వినిపిస్తే అప్పుడే ఒడ్డెక్కండి. మూడు కనూలూ ఒకరి పిలుపు ఒకరికి వినిపించేంత దగ్గరలో సాగాలి, ఈత రాని ఇద్దరినీ ఒకే పడవలో కూర్చోబెట్టవద్దు.

కొత్తతెడ్డు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు మిత్రులందరికీ చదివి వినిపించాను. ఇన్సులా మానుకున్నాం, మొదటి రాత్రి లేక్ టూలో దిగి, రెండో ఉదయం గాలిని చూసి నిర్ణయించుకుంటాం. అనంతపురం మిత్రుడు జాకెట్ ప్రయోగానికి ఒప్పుకున్నాడు, ఈ ఆదివారమే వెళ్తున్నాం. ఇంకొక సందేహం: గాలి వల్ల నాలుగో రోజు తిరిగి రాలేకపోతే ఏం చేయాలి? అందరికీ సోమవారం ఆఫీసులు ఉన్నాయి.

గోదారిగట్టు

తిరిగి వచ్చే రోజును ఆదివారం కాకుండా శనివారం ఉండేలా పర్మిట్ తేదీ మార్చుకునే వీలుందేమో ఈ రోజే చూడండి. ఒక పూట తిండి, ఒక రోజు ఇంధనం అదనంగా పెట్టుకోండి. ఉపగ్రహ సందేశ పరికరం ఒకటి అద్దెకు తీసుకుని, "క్షేమం, గాలి తగ్గాక వస్తాం" అన్న సందేశాన్ని అందులో ముందే రాసి పెట్టి, అది ఎవరికి చేరాలో ఇంట్లోవారితో మాట్లాడి ఉంచండి. మీ ఆఫీసుల్లోనూ ముందే ఈ మాట చెప్పి బయలుదేరితే, సోమవారం కోసం ఎవరూ అలల్లోకి పడవ దించరు.