షెల్ స్క్రిప్ట్‌తో సర్వర్లలోకి లాగిన్: పాస్‌వర్డ్ అడుగుతోంది, లూప్ మధ్యలో ఆగిపోతోంది

కొత్త_అడ్మిన్:
అందరికీ నమస్తే. రోజూ కొన్ని సర్వర్లలోకి లాగిన్ అయ్యి డిస్క్ ఎంత నిండిందో చూడాలి, అందుకని సర్వర్ పేర్లన్నీ ఒక ఫైల్లో పెట్టి ఒక్కో పేరూ చదివే వైల్ రీడ్ లూప్‌లో ఎస్ఎస్‌హెచ్ (వేరే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) రాశా. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతోంది, ఎకో చేసి పైప్‌లో పంపినా తీసుకోవట్లేదు. ఇంకా వింతేంటంటే మొదటి సర్వర్ అవ్వగానే లూప్ ఆగిపోతోంది, ఎర్రర్ కూడా రాదు. ఎక్స్‌పెక్ట్ (అడిగినవాటికి మన బదులు జవాబు టైప్ చేసే టూల్) వాడితే సరిపోతుందా?

బ్యాష్_ప్రియ:
పైప్‌లో పంపితే తీసుకోదండీ, ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌ని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి కాకుండా నేరుగా టెర్మినల్ నుంచే చదువుతుంది. ఎక్స్‌పెక్ట్‌తో పనైతే అవుతుంది గానీ పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లోనే రాసిపెట్టాలి, ఆ ఫైల్ ఎవరి చేతికి చిక్కినా సర్వర్లన్నీ చిక్కినట్టే. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీ (పాస్‌వర్డ్ బదులు పనిచేసే ఫైళ్ళ జత) చేసుకుని ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో దాని పబ్లిక్ భాగాన్ని ఒక్కో సర్వర్‌కి ఒక్కసారి పంపితే చాలు. కీకి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య వాక్యం) పెట్టి, తెరిచిన కీని గుర్తుంచుకునే ఎస్ఎస్‌హెచ్-ఏజెంట్‌కి ఇచ్చేస్తే మళ్ళీ మళ్ళీ అడగదు. అయినా పాస్‌వర్డ్ అడుగుతుంటే సర్వర్‌లో పర్మిషన్లు డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి (ఒప్పుకునే కీల జాబితా) 600 ఉన్నాయో లేదో, అంటే ఓనర్‌కి తప్ప ఎవరికీ అందకుండా ఉన్నాయో లేదో చూడండి. హోమ్ డైరెక్టరీకి గ్రూప్ రైట్ పర్మిషన్ ఉన్నా కీని ఒప్పుకోదు, ఇది చాలామంది చూసుకోరు.

పెంగ్విన్_77:
లూప్ సంగతి నేను చెప్తా. లూప్ ఏ ఫైల్లోంచి పేర్లు చదువుతోందో అదే ఇన్‌పుట్ లోపలున్న ఎస్ఎస్‌హెచ్‌కి కూడా అందుతుంది, అది మిగతా పేర్లన్నీ మింగేస్తుంది, రీడ్‌కి ఇంకేం మిగలదు కాబట్టి లూప్ మామూలుగా అయిపోయినట్టే ముగుస్తుంది, అందుకే ఎర్రర్ రాదు. ఎస్ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ (ఇన్‌పుట్ చదవొద్దని చెప్పే ఆప్షన్) ఇవ్వండి, సరిపోతుంది. అలాగే బ్యాచ్‌మోడ్ యెస్, కనెక్ట్‌టైమౌట్ 5 (సెకన్లు) అనే ఆప్షన్లు కూడా పెట్టండి, కీ పనిచేయకపోతే పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఫెయిలయ్యి తర్వాతి సర్వర్‌కి వెళ్తుంది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే నంబర్) 255 వస్తే చాలావరకు కనెక్షన్ దగ్గరే తేడా అన్నమాట, వేరే నంబర్ వస్తే అక్కడ నడిచిన కమాండ్‌ది. ఇంకోటి, రిమోట్ కమాండ్ డబుల్ కోట్స్‌లో రాస్తే డాలర్ వేరియబుల్స్ మీ మెషీన్‌లోనే విలువలుగా మారిపోయి వెళ్తాయి, అక్కడి విలువ కావాలంటే సింగిల్ కోట్స్ వాడాలి.

కొత్త_అడ్మిన్:
మైనస్ ఎన్ పెట్టగానే అన్ని సర్వర్లూ వచ్చేశాయి, చాలా థ్యాంక్స్! కానీ క్రాన్‌లో (పెట్టిన టైముకి స్క్రిప్ట్‌ని తనే రన్ చేసేది) పెడితే మాత్రం కీ రిజెక్ట్ అవుతోంది, చేత్తో రన్ చేస్తే బాగానే ఉంది.

బ్యాష్_ప్రియ:
క్రాన్‌కి మీ ఏజెంట్ కనపడదండీ, ఏజెంట్ సాకెట్ (ఏజెంట్‌తో మాట్లాడే చోటు) ఎక్కడుందో చెప్పే వేరియబుల్ మీ లాగిన్ షెల్‌లోనే ఉంటుంది. క్రాన్ కోసం పాస్‌ఫ్రేజ్ లేని కీ ఇంకోటి చేసి, సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్‌లో ఆ కీ లైన్ ముందు రెస్ట్రిక్ట్ అనీ, కమాండ్ ఈక్వల్స్ అని పెట్టి కోట్స్‌లో డీఎఫ్ మైనస్ హెచ్ (డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్) అనీ రాయండి. అప్పుడు ఆ కీతో ఎవరొచ్చినా డిస్క్ సైజు చూడ్డం తప్ప షెల్ దొరకదు.