మోడెం ఆపేసినా డేటా ఖర్చవుతోంది, అప్పీల్‌లో ఏం చూపించాలి?

మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. నెలకు 1000 జీబీ దాటితే స్పీడ్ 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఈ నెల 19నే పడిపోయింది. కంపెనీ యాప్‌లో 1004 జీబీ, మా రౌటర్ కౌంటర్‌లో 438. మోడెంకి రౌటర్ తప్ప ఇంకేదీ తగిలించలేదు. వైఫై పాస్‌వర్డ్ మార్చాను, తెలియని డివైజ్‌లు లేవు. స్పీడ్ పడకముందే అనుమానమొచ్చి రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా మోడెం ప్లగ్గే పీకేశా. పొద్దున చూస్తే యాప్‌లో 9 జీబీ పెరిగింది. అప్‌డేట్ ఆలస్యమేమో అనుకుని మర్నాడూ పీకి చూశా, అదే తంతు! స్క్రీన్‌షాట్లున్నాయి. కస్టమర్ కేర్ మాత్రం "మా సిస్టమ్ ప్రకారం కరెక్టే" అని డాకెట్ (నా ఫిర్యాదు) మూసేసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి ఇక కంపెనీ అప్పిలేట్ అథారిటీకే వెళ్లాలి. అక్కడ నెగ్గినవాళ్లు చెప్పండి: రౌటర్ లెక్క, స్క్రీన్‌షాట్లు సరిపోయాయా, లేక కంపెనీ నుంచి సెషన్‌వారీ రికార్డు (కనెక్షన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఎంత డేటా వాడింది అన్న లెక్క) తెప్పించుకోవాల్సి వచ్చిందా?