నాపా వ్యాలీల బెలూన్ రైడ్, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కగలుగుతదా?

అన్నలూ అక్కలూ, జర సలహా చెప్పున్రి. మేం హన్మకొండల ఉంటం, సెప్టెంబర్ నడిమిట్ల అమ్మ, బాపు, నేను అమెరికాల కాలిఫోర్నియాల ఫ్రీమాంట్‌ల ఉన్న మా అక్క దగ్గరికి పోతున్నం, అక్కడికెళ్లి వైన్‌కు, ద్రాక్షతోటలకు పేరున్న నాపా వ్యాలీల పొద్దుగాల హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కాలని అమ్మ ఆశ. వైన్ మాకు వద్దు, ద్రాక్షతోటల మీద పొద్దు పొడుసుడు చూస్తే చాలు. అప్పుడు అక్కడ ద్రాక్షకోతలు కూడ నడుస్తుంటయట.

నా భయమంత అమ్మ మోకాళ్ల గురించే. బెలూన్ బుట్టకు తలుపుండదు, పక్కన ఉన్న రంధ్రాలల్ల కాలు పెట్టి ఎక్కాలె, దిగేటప్పుడు మోకాళ్లు వంచి పట్టుకోవాలె అంటున్నరు, మా ఇంట్ల అరుగు మెట్లు రెండే, అవి ఎక్కెతందుకే అమ్మ గోడ పట్టుకొని ఒక్క నిమిషం ఆగుతది. 62 ఏండ్లు. గిట్లాంటి అమ్మను ఎవరన్న ఎక్కిచ్చిన్రా? తలుపున్న బుట్టలు దొరుకుతయా?

ఇంకోటి, గాలి నిమ్మళంగ ఉంటదని పొద్దు పొడిచేటప్పుడే ఎగిరిస్తరు, అంటే పొద్దు పొడువక ముందే అక్కడుండాలె, ఫ్రీమాంట్ నుంచి అర్ధరాత్రి లేసి పోవుడు మంచిదా, ముందురోజే నాపా వ్యాలీలనే ఉన్న యౌంట్‌విల్ ఊరు దిక్కు రూమ్ తీసుకోవాల్నా? పొగమంచు పడితే క్యాన్సిల్ చేస్తరట, అందుకే మొదటి రోజులల్లనే బుక్ చేసి ఒక రోజు ఖాళీగ పెట్టుకుందామనుకుంటున్న. పోయొచ్చినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి, అమ్మ రోజూ అడుగుతుంది.